రేకు అక్షరాలు

మా బడి పెట్టి చాలా ఏళ్ళయిందని పోయినేడు పండుగ చేశారు. పాత విద్యార్థుల జ్ఞాపకాలతో ఒక సంచిక వేస్తున్నామని మా వీధిలో అంగడంగడికీ వచ్చి అడిగిపోయారు. మా ఎడమపక్క వెండి అంగడాయన్ని అడిగారు, కుడిపక్క మందుల అంగడాయన్ని అడిగారు. ఆయన ఆ బడిలో చదివింది ఒకే ఏడాది, అదీ సగం. నా దగ్గరికీ వచ్చారు, కాని జ్ఞాపకాల కోసం కాదు, వేదిక మీద పరచడానికి గోనెపట్టలు కావాలని. ఇచ్చాను. సంచిక అచ్చయింది, నాకొక ప్రతి ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. గోనెపట్టలు మాత్రం తడిపి, బురదతో తిరిగి ఇచ్చారు. వేదిక మీద వేసే గోనెకు ఉన్నపాటి విలువ నా మాటకు లేదన్నమాట. సరే, ఎవరూ అడగకపోయినా ఇది రాస్తున్నాను. నా వయసువాళ్ళు, బళ్ళారిలోనూ చుట్టుపక్కలా పలకా బలపంతో చదువుకున్నవాళ్ళు, ఒక్క పదిమంది చదివినా నాకు చాలు.

అయితే నన్ను కూర్చోబెట్టి రాయిస్తున్నది ఆ సంచిక మీది కోపం ఒక్కటే అనుకోకండి. పోయిన సోమవారం మళ్ళీ ఆ బడి వరండాలో కూర్చున్నాను. మా చెల్లెలి మనవరాలు, అంటే నా మేనకోడలి కూతురు, అక్కడే పదో తరగతి చదువుతోంది. నోటితో అడిగితే ఏ పాఠమైనా గడగడా చెబుతుంది గాని, రాయమంటే ఆ పిల్లకు అక్షరాలు చెదిరిపోతాయి. ఉండాల్సిన అక్షరం పోతుంది, అక్కర్లేనిది వచ్చి చేరుతుంది, నిన్న సరిగ్గా రాసిన మాట ఇవాళ కొత్తదైపోతుంది. ఇది బద్ధకం కాదనీ, పుట్టుకతో వచ్చిన ఇబ్బంది అనీ, తెలివికీ దీనికీ సంబంధం లేదనీ డాక్టరు పరీక్షలు చేసి రాసిచ్చాడు. ఆయన సలహా మీదే మేనకోడలు ఒక ట్యాబు కొన్నది. చూడడానికి మన పాత పలకలాగే ఉంటుంది. పిల్ల దానితో మాట్లాడితే అది రాసిపెడుతుంది, రాసినదాన్ని పైకి చదివి వినిపిస్తుంది, తనంతట తాను టైపు చేసి తప్పుపోతే పక్కన రెండు మూడు మాటలు చూపించి ఏది కావాలో ఎంచుకోమంటుంది. పెద్ద పరీక్షలో దాన్ని వాడుకోనివ్వాలంటే బడివాళ్ళు పై ఆఫీసుకు అర్జీ పంపాలి. పంపుతారా, పంపరా అని అడగడానికే నేను తిరుగుతున్నాను. వెళ్ళిన ప్రతిసారీ కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు, హెడ్‌మాస్టరుగారు రెండు చేతులూ జోడించి నవ్వుతూ, "నోడోణ సార్" అంటారు. చూద్దాం అని. వానలు మొదలైనప్పుడు చూద్దామన్నారు, దసరా సెలవులు అయ్యాక చూద్దామన్నారు, ఇప్పుడు చలి కూడా వచ్చింది, ఇంకా చూస్తూనే ఉన్నారు.

ఆ సోమవారం టీ చల్లారుతుండగా వరండా చివర ఉన్న రాతిస్తంభం మీదికి నా చూపు పోయింది. కిందంతా కొత్త నాపరాళ్ళు పరిచారు, పైన ఫ్యాన్లు పెట్టారు, గోడలకు మహనీయుల బొమ్మలు వేశారు గాని ఆ స్తంభం మాత్రం అదే. మా నాన్న దాని పక్కనే నిలబడేవాడు. ఆయనకు ఎవరూ కుర్చీ వేయలేదు.

మాది తాళ్ళ అంగడి. కొబ్బరితాళ్ళు, గోనెసంచులు, జల్లెడలు, మోకులు. సిరుగుప్ప వైపు నుంచి, దేశనూరు నుంచి వడ్లు పండించేవాళ్ళు కోతలకు ముందు వచ్చి సంచులు కట్టలుగా తీసుకుపోయేవాళ్ళు. ఏ సంచి ఎవరిదో తెలియడానికి వాటి మీద పేర్లు వేసి ఇవ్వడం మా అంగడిలో అలవాటు. తగరం రేకులో అక్షరాలు కత్తిరించి పెట్టుకుని, ఆ రేకును సంచి మీద ఆనించి, నల్లటి సిరాలో ముంచిన కుంచెతో అద్దితే అక్షరం దిగేది. అటు ఆంధ్ర సీమకు పోయే సంచులకు తెలుగు రేకులు, ఇటు వాటికి కన్నడ రేకులు, రెండూ ఒకే డబ్బాలో గలగలలాడుతూ ఉండేవి. ఆ సిరా వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు మా నాన్న చొక్కా గుర్తొస్తుంది.

చెల్లెలిది అదే బడిలో నాకంటే కింది తరగతి. దాని నోటి సంగతి మా వీధిలో తెలియనివాళ్ళు లేరు. అంగడికి వచ్చిన మనిషి పోయిన తరువాత ఆ మనిషి నడక, దగ్గు, బేరమాడే తీరు, మధ్యలో తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకోవడం, అంతా చేసి చూపించేది. మోకుల కోసం వచ్చిన రైతులు మోకు కొన్నాక కూడా కదిలేవాళ్ళు కాదు, పాపతో ఒక కత చెప్పించుకుని పోయేవాళ్ళు. తెలుగులో చెబుతూ చెబుతూ కన్నడంలోకి దిగేది, సంతలో బేరగాడు వచ్చేసరికి తురకం మాటల్లోకి మారేది, ఏ భాషలో ఉన్నానన్న ధ్యాసే దానికి ఉండేది కాదు. అటువంటి పిల్ల మా కన్నడ బడికి పోతే మూగదైపోయేది. పలక మీద దాని చేతికి అక్షరాలు నిలిచేవి కావు. మేష్ట్రు బెత్తంతో కొట్టాడు, బెంచీ ఎక్కించాడు, చివరికి రోజూ ఎండలో నిలబెట్టడం మొదలుపెట్టాడు. బళ్ళారి ఎండ ఎట్లా ఉంటుందో బళ్ళారివాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. గుట్ట రాళ్ళ మీద పడిన వేడంతా తిరిగి మన మీదికే వస్తుంది. మా తరగతి కిటికీలో నుంచి నాకు అది కనపడేది. మేష్ట్రు పేరూ, ఆయన చెప్పుల చప్పుడూ నాకు ఇవాళ్టికీ గుర్తున్నాయి. పేరు రాయను.

రేకుల సంగతి మొదట కనిపెట్టింది చెల్లెలే. ఒక మధ్యాహ్నం సంచుల కట్ట మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక రేకును చేతిలో పెట్టుకుని, కత్తిరించిన అంచు వెంబడి వేలు తిప్పుతూ ఉంది. ఏం చేస్తున్నావంటే, "కంటికి దొరకంది వేలికి దొరుకుతాదన్నా" అంది. అట్లా వేలితో తిప్పి తిప్పి, రేకు పక్కన పెట్టి, నేల మీద బలపంతో తన పేరు రాసింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. నాన్న బేరం మధ్యలో వదిలేసి లేచి వచ్చాడు. రైతుకు కోపం వచ్చి వెళ్ళిపోయాడు కూడా. నాన్నకు అదేమీ పట్టలేదు. ఆ వారంలోనే రేకులు కత్తిరించే ఆయనకు చెప్పి, పిల్ల అరచేతిలో పట్టేంత చిన్నవి, అంచులు గీసుకోకుండా అరగదీసినవి, ఒక పూర్తి వరుస చేయించాడు. వాటితో పాటు రోజూ వచ్చే మాటలు, ఊరి పేరు, తన పేరు, అమ్మ, నాన్న, అన్న, ఒక్కో మాటకు ఒక్కో రేకు. అమ్మ వాటికి చీరచెంగు గుడ్డతో చిన్న సంచి కుట్టింది. దాన్ని నడుముకు దోపుకుని చెల్లెలు బడికి పోయేటప్పుడు లోపల అవి చప్పుడు చేసేవి. ఆ కొన్నాళ్ళు అది పరుగెత్తుకుంటూ బడికి పోయింది. పిల్ల బడికి పరుగెత్తడం మా ఇంట్లో అందరికీ కొత్త.

నెల తిరక్కముందే పరీక్ష వచ్చింది. చెల్లెలు ఒడిలో రేకులు పెట్టుకుని వేలితో తడుముకుంటూ రాస్తోంది. మేష్ట్రు చూశాడు. చూసి రాయడం దొంగతనం అన్నాడు. సంచి లాక్కున్నాడు, హెడ్‌మాస్టరు బల్ల మీద బోర్లించాడు. ఆ రేకులు కత్తిరించినాయనకు చేతికి ఏది వస్తే అది చేసే అలవాటు కాబట్టి ఆ కుప్పలో కన్నడ రేకులతో పాటు తెలుగువీ నాలుగు కలిసి ఉన్నాయి. మరుసటి రోజు నాన్నను పిలిపించారు, నేనూ చెల్లెలూ వెంట వెళ్ళాం. నాన్నను లోపలికి రమ్మనలేదు. వరండాలో ఆ స్తంభం దగ్గర నిలబెట్టి, హెడ్‌మాస్టరు గడపలో నుంచే అడిగాడు.

"ఏయ్ శెట్టి, మనేలి ఏను మాతాడ్తీయ?"

ఇంట్లో ఏం మాట్లాడతావు అని. ఊళ్ళో చిన్నాపెద్దా అందరూ "శెట్రే" అని మర్యాదగా పిలిచే మనిషిని, కూతురి ముందు, కొడుకు ముందు.

"తెలుగు, సార్" అన్నాడు నాన్న.

"అదే రోగ నోడు!" అన్నాడాయన, పెద్ద జబ్బు కనిపెట్టిన వైద్యుడిలాగా. ఇంట్లో ఒక భాష, బళ్ళో ఒక భాష, రెండూ కలిసి పిల్ల బుర్రలో అక్షరాలు గజిబిజి అయ్యాయి, ఇంట్లో తెలుగు మానెయ్యండి, అదే బాగవుతుంది అని తీర్పు చెప్పాడు. రేకులు తిరిగిమ్మని నాన్న అడిగితే "నాళె బా" అన్నాడు. రేపు రా అని. నాన్న మరునాడు వెళ్ళాడు. ఆ తరువాత కూడా వెళ్ళాడు. ప్రతిసారీ రేపే.

నేనైతే పోట్లాడేవాణ్ణి. నాన్న అటువంటివాడు కాదు. చదువుకున్నవాళ్ళు చెప్పారంటే అది నిజమే అయి ఉంటుందని నమ్మే మనిషి. నేను కన్నడం రాసేవాణ్ణి, ఇంట్లో తెలుగు మాట్లాడేవాణ్ణి, నాకేమీ గజిబిజి కాలేదు, వీధిలో ఇరవై ఇళ్ళ పిల్లలకు కాలేదు. ఆ మాట నేను అన్నాను కూడా, కాని పిల్లవాడి మాట ఎవరు వింటారు? ఆ రోజు నుంచి మా ఇంట్లో తెలుగు ఆగిపోయింది. ఆ ఏడాదిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు. నాన్న అంగడి కన్నడంలో మాట్లాడేవాడు, బేరం చేసినట్టే ఉండేది. అమ్మకు వచ్చిందల్లా కూరగాయలు కొనేంత కన్నడం. ఆ భాషలో ఆమెకు తిట్టడం రాదు, లాలించడం అసలే రాదు. పిల్లకు జ్వరం వస్తే నుదురు మీద చెయ్యి వేసి ఊరకే కూర్చునేది. భోజనాల దగ్గర గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. అందరికంటే ముందు ఆగిపోయింది చెల్లెలి నోరు. తన వల్లనే ఇంట్లో మాటలు ఆగిపోయాయని దానికి తెలుసు. రైతులు కత చెప్పు పాపా అంటే తల వంచుకుని మోకుల వెనక్కి పోయేది. అక్షరాలు ఎట్లాగూ రాలేదు, ఉన్న మాటలు కూడా పోయాయి. సాయంత్రాలు మిద్దె ఎక్కి నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి, "అన్నా, ఒక్క మాట తెలుగులో మాట్లాడుదాం రా, నోరు ఎండిపోతాండాది" అనేది. మాట్లాడేవాళ్ళం, దొంగల్లాగా, కిందికి వినపడకుండా.

ఏడాది చూసి, ఇక లాభం లేదని, ఆదోనిలో ఉన్న మేనత్త ఇంటికి పంపి తెలుగు బడిలో వేశారు. అక్కడి పంతులు దాని పలక చూసి, బళ్ళారి పిల్ల గదా, కన్నడం కలిసి చెడిపోయింది, ఆ భాష మర్చిపోతే తప్ప బాగుపడదు అన్నాడట. మేనత్త వచ్చి ఆ మాట చెప్పినప్పుడు నాన్న నవ్వాడు. నాన్న అట్లా నవ్వడం అంతకు ముందు నేను చూడలేదు, ఆ తరువాత చూడాలనీ అనుకోలేదు. ఇటువాళ్ళు తెలుగును తప్పు పట్టారు, అటువాళ్ళు కన్నడాన్ని తప్పు పట్టారు, రెంటి మధ్యా నిలబడి ఉన్న పిల్లను ఎవరూ చూడలేదు. సరిహద్దులో బతికేవాళ్ళకు ఏ కష్టం వచ్చినా భాష మీదికి తోసెయ్యడం అంత సులువు. చెల్లెలి చదువు అంతటితో సరి.

తరువాత దానికి పెళ్ళయింది. మా బావ సండూరు దగ్గర యశ్వంతనగర్‌లో, గనుల్లో లారీలు తూచే చోట పని చేసేవాడు. మంచివాడు. చెల్లెలు ఉత్తరాలు రాయలేదు, ఇంకొకరి చేత రాయించడం దానికి ఇష్టం ఉండేది కాదు. అందుకని అది ఒక దారి కనిపెట్టింది. బళ్ళారి వచ్చే లారీ డ్రైవర్లలో ఎవరో ఒకరిని పట్టుకుని, చెప్పాల్సిందంతా రెండుసార్లు చెప్పి, తిరిగి అప్పజెప్పించుకుని పంపేది. గుబురుమీసాల డ్రైవరు ఒకాయన, ఎర్రటి దుమ్ముతో తల నుంచి కాలి దాకా ఒకే రంగులో, మా అంగడి ముందు నిలబడి, చేతులు కట్టుకుని, చెల్లెలి గొంతుతో చెప్పేవాడు.

"నాన్నా, నేను బాగుండా. ఈడ గాలి గూడా ఎర్రగుండాది, ఉతికిన గుడ్డ ఉతికినట్లుండదు. అమ్మను మిరప్పొడి పంపీమను, ఈళ్ళ పొడిలో రంగు తప్ప కారం లేదు." అంతవరకు చెప్పి, తల గోక్కుని, తన గొంతులోకి వచ్చేవాడు. "ఇంగా ఏమో చెప్పింది సామీ అక్క, దోవలో టైరు పోయింది, సగం ఆడనే పడిపాయ."

ఆ పడిపోయిన సగంలో ఏముందోనని నాన్న సాయంత్రం దాకా ఆలోచించేవాడు. నాన్న పోయినప్పుడు కూడా ఆ డ్రైవరే మా మాటను అటు మోసుకెళ్ళాడు.

బావ పోయాక చెల్లెలు బళ్ళారికి, కూతురి ఇంటికి వచ్చేసింది. ఆ గనుల దుమ్ము ఊపిరితిత్తుల్లో నిలిచిపోయిందేమో, దగ్గు విడిచేది కాదు. నేను రోజూ అంగడి మూసి అటు వెళ్ళేవాణ్ణి. మనవరాలి రాత తన రాతలాగే ఉందని మాలో మొదట కనుక్కున్నది అదే. తనకు చదవడం రాదు గదా, పిల్ల నోటుపుస్తకంలో పుటను ఊరకే అరచేత్తో తడిమి పక్కన పెట్టింది.

ట్యాబు వచ్చిన కొత్తలో ఒక ఆదివారం పొద్దున మనవరాలు దాన్ని అవ్వ ముందు పెట్టి, తెలుగుకు మార్చి, మాట్లాడమంది. చెల్లెలు మొదట సిగ్గుపడింది, తరువాత గొంతు సవరించుకుని, తలగుడ్డ విప్పి చుట్టుకునే దేశనూరు రైతు కత మొదలుపెట్టింది. ఎన్నేళ్ళకు విన్నానో ఆ కత. మాట వెంట మాట అద్దం మీద అక్షరాలుగా దిగుతూ ఉంటే అది వేలు పెట్టి వాటిని తాకింది, అంచు తగులుతుందేమో అన్నట్టు. చెప్పడం అయ్యాక మనవరాలు దాన్ని చదివించింది. ఆ యంత్రానికి మా బళ్ళారి యాస ఎక్కడ తెలుసు, మాటకొక తప్పుతో, పట్నం గొంతుతో, రైతును ఎవరికీ అంతుపట్టని మనిషిగా చేసి చదివింది. చెల్లెలు పడీ పడీ నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"ఏందన్నా ఇది, దీనిగ్గూడా నా రోగమే ఉండాదే! మరి దీన్ని ఎవురూ ఎండలో నిలబెట్టలేదా?"

"తప్పు పోతే ఇంగోసారి చెప్పల్ల అవ్వా, అది నేర్చుకుంటాది" అంది మనవరాలు.

చెల్లెలి నవ్వు ఆగిపోయింది. "నాకెవురన్నా ఇంగోసారి చెప్పింటే నేనూ నేర్చుకునింటి గదమ్మీ" అంది.

మనవరాలు లోపలికి వెళ్ళాక నా చెయ్యి పట్టుకుంది. "పాప చేతిలోంచి ఇది ఎవురూ పెరుక్కోకుండా చూసుకో అన్నా. నాన్న అడిగినట్ల అడగొద్దు. నువ్వు కొట్లాడు, నీకది బాగా వచ్చు." చిన్నప్పటి నుంచి నన్ను జగడగొండి అని అందరూ వెక్కిరించినవాళ్ళే. అదొక మంచి గుణం లాగా చెప్పింది నా చెల్లెలొక్కతే. ఆ వేసవి దాటకుండానే పోయింది.

అందుకని కొట్లాడుతున్నాను. కాని ఎవరితో కొట్లాడాలో తెలియడం లేదు. పోయిన నెల ఒక టీచరమ్మ మేనకోడలిని పక్కకు పిలిచి, మీ ఇంట్లో తెలుగు మాట్లాడతారు గదా, అందుకే పిల్లకు ఇట్లా అవుతోందేమో, మానేసి చూడండి అని నెమ్మదిగా, ఎంతో ప్రేమగా సలహా ఇచ్చిందట. ఇన్నేళ్ళు గడిచాక, డాక్టరు కాగితం బల్ల మీద ఉండగా, అదే మాట. మేనకోడలు భయపడింది. కన్నతల్లి గదా, ఏది చెప్పినా చేస్తుంది. ఇంట్లో తెలుగు తగ్గిద్దాం మామా, పరీక్షల దాకా అని నన్ను బతిమాలింది. నేను అరిచాను. కాని నేను రాత్రికి నా ఇంటికి వచ్చేవాణ్ణే గదా. మొన్న భోజనానికి వెళ్తే మనవరాలు తల ఎత్తకుండా, అడిగినదానికి "హూఁ" అని మాత్రం అంటూ తింటోంది. గిన్నెల చప్పుడు వినిపించింది.

మా కాలంలో బడి కఠినంగా ఉండేది. బెత్తం ఉండేది, ఎండ ఉండేది, తండ్రిని గడప బయట నిలబెట్టి పిల్లల ముందు ఏకవచనంలో పిలిచేవాళ్ళు. ఇప్పుడు అవన్నీ పోయాయి, పోవడం మంచిదే. పిల్లల మీద చెయ్యి చేసుకోరు, పెద్దలకు నమస్కారం పెడతారు, నా చెల్లెలు వేలితో వెతుక్కున్నది ఇవాళ ఒక అద్దం పలకలో దొరుకుతోంది. ఇదంతా చూడడానికి అది ఇంకొన్నాళ్ళు ఉంటే బాగుండేదని రోజూ అనుకుంటాను. మళ్ళీ ఆ వరండాలో కూర్చున్నప్పుడు, ఉంటే ఏం చూసేదిలే అనిపిస్తుంది. "నాళె బా" పోయింది, "నోడోణ సార్" వచ్చింది. మా నాన్న రేకుల కోసం ఎదురుచూస్తూనే పోయాడు. అవి ఏ బీరువాలో తుప్పు పట్టాయో ఈనాటికీ ఎవరూ చెప్పలేదు, వాటినీ నేను మర్చిపోలేదు.

సోమవారం నేను బయటికి వస్తుంటే మనవరాలు గేటు దగ్గర నిలబడి ఉంది. "ఏనందరు తాతా?" అని అడిగింది. ఏమన్నారు తాతా అని, కన్నడంలో, నాతో. పుట్టి బుద్ధెరిగాక నాతో ఆ పిల్ల తెలుగు తప్ప మాట్లాడింది లేదు. దాని తల మీద చెయ్యి వేశాను, మా అమ్మలాగే.

హెడ్‌మాస్టరుగారూ, ఆ పిల్లకు నేనేం చెప్పాలి? అర్జీ పంపుతారా, పంపరా? పంపనంటే పంపననే చెప్పండి, ఇంకొక తలుపు తడతాను, నాకు తలుపులు తట్టడం కొత్త కాదు. రేపు మళ్ళీ వస్తాను. కుర్చీ వేయించకండి, టీ తెప్పించకండి. ఆ స్తంభం దగ్గర, మా నాన్న నిలబడిన చోటే నిలబడతాను, మీరు గడప దాటి వచ్చి అవుననో కాదనో అనేదాకా.